బస్తా మోసినవాడి చందా

ఈ మధ్య బియ్యం బస్తా మీద కూర్చోవడానికి వీల్లేకుండా పోయింది. అన్నీ పాతిక కిలోల ప్లాస్టిక్ సంచులు, వాటి మీద నవ్వుతున్న అమ్మాయి బొమ్మలు. బొమ్మ మీద కూర్చోవడం మర్యాద కాదని మొన్న మా వీధి చివరి కొట్లో సంచిని తిరగేసి కూర్చున్నాను. సంచి జారింది. దాంతోపాటు నేనూ జారాను. కొట్టతను కంగారుపడి కుర్చీ తెచ్చాడు. అదీ ప్లాస్టిక్కే.

గోనె బస్తా ఇలాంటి పని చేసేది కాదు. కూర్చున్నవాణ్ణి పట్టుకుని ఉండేది. కాస్త గుచ్చుకునేది, నిజమే. పరాయివాళ్ల సరుకు మీద కూర్చున్నామని గుర్తుచేయడానికే అలా గుచ్చుకునేదని నా నమ్మకం. నా బి.ఏ. చదువు బెజవాడలో బెంచీల మీద సాగింది గాని, ఆ తరవాతి చదువంతా జగ్గయ్యపేటలో మా మేనమామ కమీషన్ కొట్టు ముందు, గోనె బస్తాల మీదే సాగింది. రెండో చదువుకి పట్టా ఇవ్వలేదు.

పరీక్ష ప్యాసయి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ మా మావయ్య ఇంట్లో ఉన్న రోజులవి. చుట్టుపక్కల మెట్ట పల్లెల నుంచి, జిల్లా సరిహద్దు దాటి ఖమ్మం వైపు నుంచి కందులు, జొన్నలు, మిరపకాయలు బళ్ల మీద పేటకు వచ్చేవి. రైతు సరుకును దించుకుని, అమ్మిపెట్టి, కమీషన్ పుచ్చుకోవడం మావయ్య వ్యాపారం. నాకు ఆయన ఏ పనీ అప్పజెప్పలేదు. ఒకసారి లెక్క కూడమన్నాడు. ఆ తరవాత అడగలేదు.

ఆ సమయంలోనే హమాలీల సంఘానికి ఒక సెక్రటరీ కావలసివచ్చాడు. బెజవాడలోని లేబరు ఆఫీసుకి అర్జీ పంపితే ఇంగ్లీషులో ఉండాలని ఎవరో చెప్పారట. కాబట్టి సెక్రటరీకి ఇంగ్లీషు రావాలి. జీతం ఇవ్వలేరు కాబట్టి వేరే పని ఉండకూడదు. ఈ రెండు అర్హతలూ ఒకే మనిషిలో కలవడం అరుదు. పేటలో నేనొక్కణ్ణే దొరికాను.

మావయ్యతో చెబితే ముందు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"నా ఇంట్లో తింటూ నా కూలీల సంఘంలో చేరతావురా?"

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ మళ్లీ ఆలోచించాడు.

"చేరు. వాళ్ల అర్జీలు నీలాంటివాడు రాస్తేనే నాకు నిశ్చింత."

సంఘానికి పెద్ద ముఠా మేస్త్రీ. ముఠా అంటే జట్టు. ఏ బండి ఎవరు దించాలో, ఏ బస్తా ఎవరెత్తాలో ఆయన చెప్పినట్టు జరిగేది. పొడుగాటి మనిషి. అణకువ అనే గుణం ఆయన దగ్గరికి ఎప్పుడూ వచ్చినట్టు లేదు. ఎర్ర తలగుడ్డ చుట్టుకోవడానికి పెళ్లికొడుకంత సేపు తీసుకునేవాడు. రహస్యం చెప్పినా వీధి మొత్తానికీ వినబడేది. ఆదివారం గుళ్లో బైబిలు వాక్యం చదివేది ఆయనే. తన గొంతుకు దేవుడు కూడా కాస్త సర్దుకుని కూర్చుంటాడని ఆయన ఉద్దేశం. ఇన్ని లోపాలున్న మనిషిని నేను అంతగా ఎందుకు గౌరవించానో చెప్పాలంటే చందా సంగతి చెప్పాలి.

కొత్త పైసలు వచ్చినా మా సంఘం చందా బేడే. వారానికి బేడ, అంటే రెండణాలు. శనివారం సాయంత్రం కూలి ముట్టాక ముఠా అంతా కాటా దగ్గర చేరేది. కాటా పక్కన ఒక కిరసనాయిలు డబ్బా, దాని మూతకి కోసిన కంత. ఒక్కొక్కడూ వచ్చి, బేడని అందరికీ కనబడేలా పట్టుకుని, "నాది" అని గట్టిగా అని డబ్బాలో వెయ్యాలి. అంతే. రసీదు లేదు, సంతకం లేదు. చూసినవాళ్లే సాక్ష్యం. అయితే ఎవడి చందా వాడే తన చేత్తో వెయ్యాలి. అన్న వేస్తే చెల్లదు, పెళ్లాం తెచ్చిస్తే చెల్లదు, కూలిలోంచి షావుకారు పట్టుకుని ఇస్తే అసలే చెల్లదు. అలా "నాది" అనే హక్కు రావాలంటే చేరిన రోజున అందరూ చూస్తుండగా ఒక బస్తా మొయ్యాలి, బండి దగ్గర్నుంచి కొట్టు అరుగు దాకా. అది పద్ధతి.

నాక్కూడా మినహాయింపు దొరకలేదు. కాకపోతే నా ఆకారం చూసి మేస్త్రీ దయతలచి, ఖాళీ సంచులు కుక్కిన బస్తా ఒకటి వీపు మీద పెట్టించాడు. అరుగు దాకా వెళ్లాను. రెండు రోజులు మెడ తిప్పలేకపోయాను. ముఠావాళ్లు మర్యాదగా నవ్వు ఆపుకున్నారు. ఆపుకోని మనిషి ఒక్కర్తే, మేస్త్రీ పెళ్లాం.

ఆవిడ ఆడవాళ్ల జట్టులో ఉండేది. సరుకు చెరగడం, బస్తాల్లోకి నింపడం, దబ్బనంతో పురికొస పెట్టి మూతులు కుట్టడం, చివరికి కొట్టు ఊడవడం ఆ జట్టు పని. ఆ రోజు దబ్బనం చేతిలో పట్టుకునే అడిగింది.

"ఏమయ్యా, ఆ బాబు మోసిన బస్తా నేను చంటిపిల్లతో సహా మోస్తా. నా బేడ కూడా వేయించుకుంటారా?"

"ఆడోళ్లు బస్తా ఎత్తడం పద్ధతి కాదే."

"ఎత్తడం కాదు గాని, నింపడం పద్ధతా?"

"నువ్వు ఊరుకోవే, సెక్రటరీగారు ఆయాసపడుతున్నారు."

అందరూ నవ్వారు. ఆయాసం తగ్గాక నేనూ నవ్వాను.

పద్ధతంటే మేస్త్రీకి ఎంత పట్టుదలో నందిగామ ప్రయాణంలో తెలిసింది. మా వీధిలోనే ఒక అరుగు ముందు మా హమాలీ ఒకతను బస్తాతో సహా కూలబడ్డాడు. వెన్నులో ఏదో కలుక్కుమందన్నాడు. ఆ తరవాత కాళ్లు కదల్లేదు. నందిగామ ఆస్పత్రిలో చేర్చారు. శనివారం వచ్చింది. అతని బేడ పడలేదు. మర్నాడు గుడి అయ్యాక మేస్త్రీ తెల్ల చొక్కా మెడదాకా బొత్తాలు పెట్టుకుని, డబ్బా సంకలో పెట్టుకుని మావయ్య ఇంటి ముందు నిలబడ్డాడు.

"రండి సెక్రటరీగారూ, నందిగామ పోదాం. మనోడు చందా వెయ్యాలిగా."

"అతను రాలేడుగా?"

"అందుకే డబ్బా పోతంది."

బస్సులో కండక్టరు డబ్బాని చూసి కిరసనాయిలు ఎక్కించకూడదన్నాడు. మేస్త్రీ డబ్బా ఊపి చిల్లర గలగలలాడించాడు. అయితే లగేజీ టిక్కెట్టు తీసుకోమన్నాడు కండక్టరు. "ఇది లగేజీ కాదు, సంఘం" అన్నాడు మేస్త్రీ. చిల్లకల్లు దాటేదాకా వాదన సాగింది. చివరికి డబ్బాని ఒళ్లో పెట్టుకుంటే సరేనని రాజీ పడ్డారు. బేడ కోసం మేమిద్దరం పెట్టిన బస్సు ఛార్జీ ఎన్ని బేడలవుతుందో నేను మర్యాదగా చెప్పబోయాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "మీరు లెక్కలు చెయ్యకండి బాబూ. షావుకారుగారు చెప్పారు మీ లెక్కల సంగతి" అన్నాడు.

ఆస్పత్రిలో ఆ మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మేస్త్రీ పరామర్శలేమీ చెయ్యలేదు. డబ్బాని మంచం మీద పెట్టాడు. అతను తలగడ కింద నుంచి బేడ తీసి, కంత వెతుక్కుని వేశాడు. "నాది" అన్నాడు. పక్క మంచాలవాళ్లు మావైపు తిరిగి చూశారు. ఆస్పత్రిలో చేరాక ఎవరైనా అతన్ని ఏదైనా ఇమ్మని అడగడం అదే మొదటిసారి అనుకుంటాను. మొహంలోకి కాస్త రంగు వచ్చింది.

"అన్నా, ఆ బస్తా బస్తా కాదు. రెండు బస్తాల సరుకుంది అందులో" అన్నాడు.

"తెలుసురా" అన్నాడు మేస్త్రీ. ఆయన నెమ్మదిగా మాట్లాడగా విన్నది ఆ ఒక్కసారే.

సంగతేమిటంటే, హమాలీకి కూలి బస్తాకింత అని ఇస్తారు. బరువును బట్టి కాదు. అంచేత బస్తా ఎంత లావైతే షావుకారుకి కూలి అంత మిగులు. పైగా అప్పుడే కిలోలు వచ్చాయి, మణుగులు ఇంకా పోలేదు. ఆ రెండింటి మధ్య సందులో మా వీధి వర్తకులందరూ చల్లగా బతుకుతున్నారు. హమాలీ వీపు మీదికెక్కే ప్రతి బస్తా ముందు కాటా ఎక్కాలి, లెక్కకు మించి ఉంటే సరుకు తీసెయ్యాలి. సంఘం అడుగుతున్నది ఆ ఒక్కటే. నందిగామ నుంచి వచ్చిన వారం నేను బెజవాడకి మంచి ఇంగ్లీషులో ఒక అర్జీ పంపాను. జవాబు రాలేదు. ఇంకా మంచి ఇంగ్లీషులో ఇంకొకటి పంపాను. దానికీ రాలేదు. తప్పు ఇంగ్లీషుది కాదేమోనని అప్పుడు అనుమానం కలిగింది.

ఇంతలో ఎన్నికలు వచ్చాయి.

అభ్యర్థి కృష్ణానది ఒడ్డు పల్లెల్లో పొలాలున్న పెద్ద రైతు. నందిగామలో మేడ, జీపు, ఇస్త్రీ మడత నలగని ఖద్దరు. మా వీధి వర్తకులంతా ఆయన వైపే. వాళ్లందరిలో ముందున్నవాడు మా మావయ్య. ఎక్కడ నలుగురు కూడినా, "ఆయనేం అల్లాటప్పా నాయకుడా? రైతుబిడ్డ! వయసులో ఉన్నప్పుడు చంకకో బస్తా ఇరికించుకుని కళ్లం దాటేవాడు" అని చెప్పేవాడు. ఎన్నికలు దగ్గరపడేకొద్దీ చంకల్లో బస్తాలు పెరుగుతూ వచ్చాయి.

అభ్యర్థి ఒక కబురు పంపాడు. సంఘం మొత్తానికీ ఏడాది చందా తనే కట్టేస్తాడట. కూర్చోవడానికి రేకుల షెడ్డు కూడా వేయిస్తాడట. బదులుగా పెద్దగా ఏమీ అక్కర్లేదు. షెడ్డుకి ఆయన పేరు, సంఘం బోర్డు మీద ఆయన పార్టీ గుర్తు, ఓట్ల సంగతి మేస్త్రీ నోటితో ఒక మాట. కాటా గొడవ మాత్రం ఎన్నికలయ్యేదాకా ఎత్తవద్దు.

ముఠాలో చాలామందికి ఇది బాగానే ఉందనిపించింది. ఏడాదిపాటు వారానికో బేడ మిగలడం తక్కువ సంగతి కాదు.

"ఊరికే వస్తంటే వద్దనడమేంది మేస్త్రీ? డబ్బాకి ఎవరి డబ్బైనా ఒకటేగా" అన్నాడొకడు.

"డబ్బాకి ఒకటే. మనకి కాదు. రేపు మనోడొకడు నడుం విరిగి పడుకుంటే, చందా కట్టినాయన్ని అడిగి ఏడవాలా వద్దా తేల్చుకుంటామా?"

"నువ్వు వద్దంటే వేరే మేస్త్రీని పెట్టుకుంటాం."

"పెట్టుకోండి. కబురంపినాయన్నే శనివారం రమ్మన్నా, మొహం మీదే చెబుతా. ఆ డబ్బు డబ్బాలో పడిందంటే నేను మీ మేస్త్రీని కాదు. ఈ గుడ్డ ఇక్కడే విప్పిపెట్టి పోతా."

తలగుడ్డ విప్పుతానన్నాడంటే మాటలు కాదని అందరికీ తెలుసు. అయినా సగం మంది మొహాలు తిప్పుకున్నారు. ఆయన తరవాత మేస్త్రీ ఎవరో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి.

శనివారం సాయంత్రం జీపు వచ్చి కాటా దగ్గర ఆగింది. మావయ్య ముందు దిగి, అభ్యర్థిని దింపాడు. అభ్యర్థి కవరు తీసి డబ్బా వైపు చెయ్యి చాచాడు. మేస్త్రీ డబ్బా మీద అరచెయ్యి పెట్టాడు.

"అయ్యా, క్షమించాలి. బస్తా మోసినోడే ఇందులో వెయ్యాలండి. అది మా పద్ధతి. సెక్రటరీగారు కూడా మోశారు."

అభ్యర్థి నా వైపు చూశాడు. అది నమ్మదగిన విషయంలా ఆయనకి తోచలేదు. మేస్త్రీ వద్దని చెప్పడానికే ఆ మాట అన్నాడు గాని, అంతకు మించి ఆయన మనసులో ఏమీ లేదని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. అభ్యర్థి మర్యాదగా నమస్కారం పెట్టి, డబ్బు జేబులో పెట్టుకుని వెళ్లిపోతే పోయేది. కాని పక్కన మా మావయ్య ఉన్నాడు.

"ఓస్, ఇంతేనా? బస్తా ఆయనకో లెక్కా! ఎవరనుకున్నావు మేస్త్రీ? చంకకొకటి..."

అక్కడికి చేరిన బళ్లవాళ్లు, రైతులు, ఆడవాళ్ల జట్టు అందరూ అభ్యర్థి చంకల వైపు చూశారు. మా వైపు రైతుకి ఒక బలహీనత ఉంది. ఆస్తి పోయిందంటే ఒప్పుకుంటాడు, వ్యాజ్యం ఓడానంటే ఒప్పుకుంటాడు, బస్తా ఎత్తలేనని మాత్రం నలుగురిలో ఒప్పుకోడు. ఆయన కండువా తీసి మా మావయ్య చేతికిచ్చాడు. పంచె ఎగ్గట్టాడు.

"ఎక్కించండ్రా" అన్నాడు.

అప్పుడే మా కొట్టుకి చెందిన బండి ఒకటి ఎగుమతికి సిద్ధంగా ఉంది. కందుల బస్తాలు. ఇద్దరు హమాలీలు కొక్కేలతో ఒకటి లాగి ఆయన వీపు మీదికి దించారు. ఆయన ఒక్కసారి కిందికి దిగినట్టయి ఆగాడు. మెడ నరాలు లేచాయి. తరవాత నడిచాడు. ఎగతాళి చెయ్యడానికి సిద్ధంగా ఉన్న నేను నోరు మూసుకున్నాను. ఆయన పార్టీ నాకు నచ్చేది కాదు. ఆ నడుము నచ్చింది. మోకాళ్లు వణుకుతున్నా, ఖద్దరు చొక్కా చంకలో పిగిలినా, ఎక్కడా ఆగకుండా అరుగు దాకా వెళ్లి బస్తాని దబ్బున పడేశాడు. ముఠా అంతా ఈలలు వేసింది. అందరికన్నా గట్టిగా వేసింది మేస్త్రీ.

ఆయనకి ఊపిరి అందాక మొదట వచ్చిన మాట పొగడ్తలకి జవాబు కాదు.

"ఇది బస్తా కాదయ్యా, బర్రె. ఎంతుంది ఇది?"

"ఉండాల్సినంతేనండి. షావుకారుగారి బస్తా" అన్నాడు మేస్త్రీ, అమాయకంగా.

"ఉండాల్సినంతా? బస్తా అంటే ఏమిటో నాకు తెలీదా? కాటా ఎక్కించు."

మావయ్య మొహం చూడవలసింది. "ఇప్పుడెందుకండీ, జీపు..." అంటున్నాడు. కాని అభ్యర్థి ఇరుకులో పడ్డాడు. బస్తా సరిగ్గానే ఉందంటే తన మోకాళ్లు వణికింది మామూలు బస్తాకి. ఎక్కువుందంటే తనకు అండగా ఉన్న షావుకారు మోసగాడు. మోకాళ్లకీ స్నేహానికీ మధ్య ఆయన ఎక్కువసేపు ఊగిసలాడలేదు. బస్తా కాటా ఎక్కింది. కాటా దండె ఠక్కున లేచి, తూకపు రాళ్లు వేస్తే గాని దిగనన్నట్టు నిలబడిపోయింది. రాయి వేశారు. దిగలేదు. ఇంకో రాయి వేశారు. దానికీ దిగలేదు. ఖమ్మం వైపు నుంచి బండి తోలుకొచ్చిన ఒకాయన ముందుకొచ్చి చూసి, "గందుకేనా మా ఎడ్లు గట్ల రొప్పుతున్నయ్!" అన్నాడు.

అభ్యర్థి చుట్టూ చూసి, సభలో మాట్లాడే గొంతుతో అన్నాడు. "చూశారా! నా నడుముకి తెలీకుండా పోతుందా? ఇకమీదట ఈ పేటలో ప్రతి బస్తా కాటా ఎక్కాల్సిందే. ఏమంటారు షావుకారుగారూ?"

మావయ్య ఆ కండువాని నీట్‌గా మడతపెడుతూ, "అంతేగా మరి" అన్నాడు. తరవాత వారం నుంచి వీధి మొత్తం అలాగే జరిగింది. నా ఇంగ్లీషు రెండు అర్జీల్లో చేయలేని పని ఒక నడుం నొప్పి చేసింది.

ఆయన మళ్లీ కవరు తీశాడు. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు.

"మీది ఒక్కటే వెయ్యండి. మీరు మోశారు, మీది తీసుకుంటాం."

అభ్యర్థి దగ్గర బేడ లేదు. అంత చిన్న డబ్బు ఆయన దగ్గర ఉండి చాలా కాలమైనట్టుంది. డ్రైవరు దగ్గర తీసుకోబోతే అదీ చెల్లదన్నారు. చివరికి తన జేబులోంచే ఒక పావలా తీసి, "నాది" అని వేశాడు. చప్పట్లు కొట్టారు. వెళ్తూ వెళ్తూ మేస్త్రీ భుజం మీద చెయ్యి వేశాడు.

"మరి ఓట్ల సంగతి?"

"సంఘం చెప్పదండి. ఎవరి చెయ్యి వాళ్లది."

ఆయన మనస్ఫూర్తిగానే నవ్వాడు. "నువ్వు నా పార్టీలో ఉండాల్సిన మనిషివయ్యా!"

"మీరు మా సంఘంలో ఉన్నారుగా. చాలండి."

జీపు వెళ్లాక, వేరే మేస్త్రీని పెట్టుకుంటామన్నవాడు ముందుగా వచ్చి తన బేడ వేసి "నాది" అన్నాడు, మామూలు కన్నా గట్టిగా. మేస్త్రీ తలగుడ్డ ఒకసారి విప్పి, మళ్లీ తీరిగ్గా చుట్టుకున్నాడు. రేపు నందిగామ వెళ్లి మనోడికి చెప్పాలన్నాడు. బస్సు ఛార్జీ గురించి నేనేమీ అనలేదు.

జనం పలచబడ్డారు. ఎక్కువున్న సరుకు తీయాలి కాబట్టి ఆ కందుల బస్తా ఇంకా కాటా మీదే ఉంది. దాని పక్కన గొంతుక్కూర్చుని మేస్త్రీ పెళ్లాం దబ్బనంతో మూతి కుట్టు విప్పుతోంది. ఒక్కో పురికొస ముక్కా లాగి పక్కన పడేస్తోంది. మేస్త్రీ డబ్బా సంకనెత్తుకుని, తన గొంతుకు తగ్గట్టుగానే వీధికంతా వినబడేలా అన్నాడు.

"చూశావటే! అంత పెద్దమనిషి మన డబ్బాలో చెయ్యి పెట్టి 'నాది' అన్నాడు!"

ఆవిడ కుట్టు విప్పడం ఆపలేదు. మా ఇద్దరి వైపూ తలెత్తి చూసింది.

"ఒక్క బస్తా మోసినాయన్ని చేర్చుకున్నారు. అది నింపింది నేను, కుట్టింది నేను, ఇప్పుడు విప్పేదీ నేనే. నేను మాత్రం మీకు పనికిరాను. ఇదేం సంఘమయ్యా?"